హుక్కు ఊగుతున్నప్పుడు

కూర్మన్నపాలెం,
విశాఖపట్నం.

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

మొన్న రాత్రి పదకొండున్నరకి ఫోన్ చేసి, కాసేపు ఏడ్చి, "ఏం లేదు నాన్నా, ఆఫీసు టెన్షన్ అంతే" అని పెట్టేశావు. అమ్మకి నేను చెప్పలేదు. అయినా పొద్దున్నే టీ ఇస్తూ "అమ్మాయి ఎందుకు ఏడ్చింది?" అని అడిగింది. పక్క గదిలో పడుకున్నా తనకి ఎలా తెలుస్తుందో!

ఉద్యోగం మానేసి కొన్నాళ్ళు ఏదైనా ఆశ్రమంలో ఉండాలనుంది అన్నావు. నాకు మాట్లాడడం కంటే రాయడం నయం కాబట్టి రాస్తున్నాను. వద్దనడానికి కాదు. పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరాల సంగతి నాకూ తెలుసు. ఫోన్ తీసేసుకుంటారు, మాట్లాడనివ్వరు, తెల్లారగట్ల నాలుగింటికి గంట కొట్టి లేపుతారు, ఫీజు అడగరు. వెళ్ళాలనిపిస్తే వెళ్ళు. కాకపోతే ముందు నా గోడు విను.

నేను ధ్యానం మొదలుపెట్టింది 2014లో, హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఏడాది. అక్టోబర్ 12న ఆ గాలికి ఊళ్ళో చెట్టన్నది నిలబడలేదు, రోజుల తరబడి కరెంటు లేదు, నీకు గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాతే నా బీపీ బయటపడింది. డాక్టరు మాత్రలు రాసి, రోజూ కాసేపు కళ్ళు మూసుకుని నెమ్మదిగా ఊపిరి తీసుకోమన్నాడు. సరే అని దేవుడి గదిలో పీట వేసుకుని కూర్చున్నాను. నాలుగో రోజో ఐదో రోజో, నేను అలా కూర్చున్నప్పుడే మీ అమ్మ మిక్సీ వేసింది. ఎంత గట్టిగా అరిచానంటే పక్కింటివాళ్ళు బయటికొచ్చారు. అమ్మ మిక్సీ ఆపి, "నిన్నటిదాకా కళ్ళు తెరిచి అరిచేవారు, ఇప్పుడు మూసుకుని అరుస్తున్నారు" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆ సాయంత్రం బీ షిఫ్టుకి వెళ్ళి క్రేన్ ఎక్కాక ఒక సంగతి తట్టింది. క్రేన్ కదిలి ఆగితే కింద వేలాడే బరువు ఊగుతుంది కదా. కొత్తవాడు కంగారుపడి ట్రాలీని, అంటే పైన హుక్కుని మోసే బండిని, ఊపుకి ఎదురు లాగుతాడు. ఊపు రెట్టింపవుతుంది. నాకు పని నేర్పిన పెద్దాయన మొదటి వారమంతా దీనికే తిట్టాడు. బరువు ఎటు పోతోందో ట్రాలీని కూడా అటే కొంచెం పోనివ్వాలి. ఊపు చివరికి చేరే క్షణానికి ట్రాలీ సరిగ్గా దాని నెత్తి మీదకి రావాలి. రోపు నిలువుగా వస్తుంది, బరువు నిలబడిపోతుంది. చెప్పినంత సులువు కాదు. నాకు ఆరు నెలలు పట్టింది.

ధ్యానంలో నేను చేసిందీ ఆ కొత్తవాడి పనే. ఆలోచన రాగానే దాన్ని ఎదురు లాగేవాణ్ణి. ఇప్పుడు నీ గురించి దిగులొస్తే దిగులొచ్చిందనుకుంటాను, దానితో రెండడుగులు నడుస్తాను, మళ్ళీ ఊపిరి దగ్గరికి వస్తాను. ఇరవై నిమిషాల్లో ఎన్నిసార్లు పోయి వస్తానో లెక్క లేదు. మనసుని పట్టడం గాలిని పట్టడం లాంటిదని అర్జునుడు అంటే, కృష్ణుడు కాదనలేదు, నిస్సందేహంగా కష్టమే అన్నాడు. ఆ ఒక్క మాట నాకు ఎంత ధైర్యమిచ్చిందో.

ఊపిరి వదిలేటప్పుడు కాస్త ఎక్కువసేపు వదులు. ఊపిరి వదులుతున్నప్పుడు గుండె వేగం కొంచెం తగ్గుతుందట, డాక్టరే చెప్పాడు. ఆఫీసులో మీటింగుకి ముందు కూడా చెయ్యొచ్చు, ఎవరికీ తెలియదు.

కిందటి నెల అమ్మా నేనూ తొట్లకొండ వెళ్ళాం, భీమిలి రోడ్డులో. నీ చిన్నప్పుడు తీసుకెళ్తే ఎండగా ఉందని గొడవ చేశావు. రెండు వేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులు ఉన్న చోటు అది. వాన నీటి కోసం బండలో తొలిచిన తొట్లున్నాయి, వాటితోనే ఆ పేరు. నేను స్తూపమూ, సముద్రమూ చూస్తున్నాను. అమ్మ మాత్రం బోర్డు చదివి, "ఇదిగో వీళ్ళ వంటిల్లు, ఇదిగో భోజనాల హాలు" అని చూపించింది. అన్నీ వదిలేసి కొండెక్కినవాళ్ళు కూడా వేళకి తినే ఏర్పాటు చేసుకున్నారమ్మా. నువ్వేమో మధ్యాహ్నం బిస్కెట్లు, రాత్రి ఒంటిగంటకి నూడుల్స్. అతిగా తినేవాడికీ, అసలు తిననివాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ, మేలుకునే ఉండేవాడికీ యోగం కుదరదని గీత ఆరో అధ్యాయంలోనే ఉంది. ధ్యానం గురించి అడిగితే తిండి గురించి చెబుతున్నాడేంటి అని విసుక్కోకు. ఈ నెలంతా వేళకి తిని, పదకొండు లోపు పడుకుని, అప్పటికీ ఉద్యోగం మానెయ్యాలనే ఉంటే మానెయ్. నేను అడ్డు చెప్పను.

కూర్చోవడమే దారి అని కూడా అనను. మీ అమ్మ ఒక్కరోజూ కళ్ళు మూసుకుని కూర్చోలేదు. పువ్వులు కడుతూ గోవింద నామాలు చదువుకుంటుంది. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ, ముప్పై రెండు కిలోమీటర్లు, మోకాళ్ళ నొప్పితోనే నడుస్తుంది. ఇంట్లో నాకంటే నెమ్మదైన మనిషి ఎవరో నీకు తెలుసు. 2025 జూన్ 21న యోగా దినోత్సవానికి బీచ్ రోడ్డంతా జనమే, మా వీధిలో అందరూ చాపలు కొన్నారు. ఇప్పుడు వాటి మీద వడియాలు ఎండుతున్నాయి. మా చాప మీద కూడా.

నువ్వు ఇరవై నిమిషాలు పెట్టుకోకు. ఐదు చాలు. ఒకరోజు తప్పితే మర్నాడు పది చెయ్యకు, అదీ మళ్ళీ ఆఫీసు టార్గెట్‌లా తయారవుతుంది.

అమ్మ మాడుగుల హల్వా, కొత్త ఆవకాయ పార్సిల్ చేసింది. గురువారానికి అందుతుంది. హల్వా భోజనానికి బదులు కాదని నీకు రాయమంది.

మీ నాన్న