2025 ఏడాది చివరి వేడుక: జమా ఖర్చుల వివరణ

గోడౌన్, డిస్పాచ్, అకౌంట్స్ సిబ్బంది అందరికీ కమిటీ నమస్కారాలు. డిసెంబర్ 27 శనివారం మన లోడింగ్ షెడ్డులో జరుపుకున్న వేడుకకు వచ్చిన డబ్బు, అయిన ఖర్చు ఇక్కడ రాస్తున్నాం. లెక్క ఏదీ అని గ్రూపులో పదేపదే అడుగుతున్నారు. ఆఖరి బిల్లు జనవరి 9న వచ్చింది. అది చేతికి రాకుండా లెక్క తేల్చే వీలు లేదు.

జమ (రూపాయల్లో)
పర్మనెంట్ సిబ్బంది 34 మందిలో 29 మంది, తలా 300 చొప్పున: 8,700
మేనేజరు గారు సొంతంగా ఇచ్చినది: 2,000
పోయినేడాది మిగులు: 640
మొత్తం: 11,340

ఖర్చు
బియ్యం, పెరుగు, విస్తళ్లు, గ్లాసులు, వాటర్ టిన్నులు: 1,510. కూరలు, పులిహోర, పచ్చళ్లు ఎవరింటి నుంచి వాళ్లు తెచ్చారు. ఆవపెట్టిన అరటికాయ కూర రెండు గిన్నెలూ ముందే ఖాళీ అయిపోయాయి. వండి తెచ్చిన ప్రతి ఇంటికీ కృతజ్ఞతలు.
మాడుగుల హల్వా: 1,040
గ్రూప్ ఫొటో ప్రింట్లు, 42: 840
కార్డులు, కవర్లు: 260
ఏటికొప్పాక పెన్ స్టాండ్లు, 42, ఒక్కోటి 160: 6,720
వాటిని తెచ్చిన ఆటో, బస్సు ఖర్చు: 350
మొత్తం: 10,720
మిగులు: 620

పెన్ స్టాండ్ల మీదే ఎక్కువ మాటలు వచ్చాయి కాబట్టి దాని గురించి వివరంగా చెప్పాలి.

మొదటి ప్రశ్న, హోటల్‌కి ఎందుకు వెళ్లలేదని. గాజువాకలో అడిగితే ప్లేటు 450 చెప్పారు. 42 మందికి 18,900 అవుతుంది. అంటే ఒక్కొక్కరి దగ్గర 550 దాకా వసూలు చెయ్యాలి. 300 ఇవ్వడానికే ఇబ్బంది పడ్డవాళ్లు మనలో ఉన్నారు.

రెండో ప్రశ్న, అదే డబ్బుకి స్టీలు బాటిల్ వచ్చేది కదా అని. బాటిళ్లు, డైరీలు ప్రతి జనవరిలో సప్లయర్లు ఎలాగూ ఇస్తారు. ఏటికొప్పాక మనకి దగ్గరే, యలమంచిలి పక్కన, వరాహ నది ఒడ్డున. అక్కడ అంకుడు కర్రని తిప్పుతూ దానికి లక్క కడ్డీ ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పడుతుంది. మొగలి ఆకుతో మెరుపు పెడతారు. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన డబ్బు మన పక్కనున్న చేతిపనివాళ్లకి చేరాలని మీటింగులో అందరూ ఒప్పుకున్నాకే ఆర్డర్ ఇచ్చాం.

పెన్ స్టాండ్లు ఆలస్యమైన సంగతి. ఒకే సైజువి 42 షాపులో సిద్ధంగా ఉండవు, చేయించుకోవాలి. కర్ర ఆరకుండా చేస్తే తర్వాత పగుళ్లిస్తుంది, తొందరపెట్టొద్దు అని చేసే ఆయన ముందే చెప్పారు. పగిలేవి డిసెంబర్‌లో పంచడం కన్నా గట్టివి జనవరిలో పంచడం మేలని ఆగాం. కొన్న చోట కమిటీకి ఏదో ముట్టిందని ఒకరు అన్నారట. ఆ మాటకి చాలా బాధపడ్డాం. బిల్లు ఒరిజినల్ నోటీసు బోర్డు మీద పెట్టాం. అందులో ఫోన్ నంబరుంది, ఎవరైనా కనుక్కోవచ్చు.

మూడోది, చందా కట్టని కాంట్రాక్టు సిబ్బంది ఎనిమిది మందికి మనతో సమానంగా ఎందుకు ఇచ్చారని. వాళ్ల జీతం చూసి, వాళ్ల దగ్గర చందా అడగకూడదని కమిటీయే తీర్మానించింది. అక్టోబర్ 28న మొంథా తుఫాను నాటి రాత్రి షట్టర్ల కింద ఇసుక బస్తాలు వేసి, కింది వరస అట్టపెట్టెలు పైకెక్కించింది ఆ నలుగురు లోడింగ్ వాళ్లు, ఇద్దరు సెక్యూరిటీ వాళ్లు. మర్నాడు నీళ్లు, బురద ఎత్తిపోసింది ఊడ్చే అమ్మలిద్దరూ. మన స్టాకు నిలిచింది వాళ్ల వల్ల. దీని మీద మళ్లీ ఓటింగ్ పెట్టినా మేం ఇదే చెబుతాం.

కార్డులకి అయింది 260 మాత్రమే. ఒక్కొక్కరూ తీసిన చీటీలో వచ్చిన పేరుగల మనిషి ఈ ఏడాది చేసిన ఒక్క పని గుర్తుచేసుకుని రాయమన్నాం. "థాంక్స్" ఒక్కటే రాసినవాళ్లకి తిరిగిచ్చి మళ్లీ రాయించాం, దానికి కోపం తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. నైట్ సెక్యూరిటీ ఆయనకి వచ్చిన కార్డులో "జూన్‌లో నా బండి స్టార్ట్ కాకపోతే గేటు దగ్గర్నుంచి మెయిన్ రోడ్డు దాకా తోశారు" అని ఉంది. ఆయన దాన్ని రెండుసార్లు చదివించుకున్నారు. వచ్చే ఏడు డబ్బు తక్కువ పడితే మిగతావి తగ్గించినా కార్డులు మాత్రం ఉండాలని మా అభిప్రాయం.

ఇక బాకీలు. ఐదుగురు 300 చొప్పున 1,500 ఇవ్వాలి. భోజనానికి వచ్చారు, పెన్ స్టాండ్ తీసుకున్నారు, "జీతం పడగానే" అన్నారు. జీతం పడింది. పేర్లు రాయడం లేదు. నిజంగా ఇబ్బంది ఉంటే క్యాషియర్ గారికి విడిగా చెప్పండి, ఇంకెవరికీ తెలియదు.

ఆ 1,500 వస్తే మిగులుతో కలిపి 2,120 అవుతుంది. దాంతో లోడింగ్ నలుగురికీ రెయిన్ కోట్లు కొనాలని ప్రతిపాదన. అభ్యంతరం ఉన్నవారు జనవరి 31లోగా చెప్పండి. బిల్లులన్నీ అకౌంట్స్ బీరువాలో నీలం ఫైల్లో ఉన్నాయి.

ఇట్లు
వేడుకల కమిటీ