161వ పేజీ గురించి, పన్నెండోసారి

హనుమకొండ,
ఆగస్టు 21.

కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,

అయ్యా / అమ్మా,

(మీరెవరో చెప్పమని మూడుసార్లు అడిగాను, ఎవరూ చెప్పలేదు. అందుకే రెండూ రాశాను.)

విషయం: చివరి పదహారు పేజీలు లేని పుస్తకం. అంతకన్నా ముఖ్యంగా, నా మాట సగంలో ఆపేసే మీ మనుషులు.

ఆర్డర్ నంబరు ఈ లేఖలో రాయడం లేదు. ఇప్పటికి మీవాళ్లకు పదకొండుసార్లు చెప్పాను. నాకిప్పుడు నా హాల్‌టికెట్ నంబరు గుర్తులేదు కానీ ఆ ఆర్డర్ నంబరు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మీ దగ్గర ఎక్కడో ఒకచోట రాసిపెట్టుకునే ఉంటారు, వెతుక్కోండి. వెతుక్కోవడం ఎలా ఉంటుందో మీకూ తెలియాలి.

నేను బీఎస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం. ఒకరోజు ల్యాబులో మా మేడమ్ "ఒక కెమిస్టు రాసిన పుస్తకం ఉంది, సిలబస్‌లో లేదు, అయినా చదువు" అన్నారు. ప్రీమో లెవీ. ఇటలీలోని టూరిన్ ఊరివాడు, యూదుడు. 1943 డిసెంబరులో పట్టుబడ్డాడు. 1944 ఫిబ్రవరిలో 650 మందిని గూడ్సు పెట్టెల్లో కుక్కి నాజీల చావు క్యాంపు ఆష్విట్జ్‌కు పంపితే, వాళ్లలో క్యాంపు లోపలికి వెళ్లింది 96 మంది మగవాళ్లు, 29 మంది ఆడవాళ్లు. మిగతావాళ్లలో రెండు రోజుల తర్వాత ఒక్కరూ లేరు. లెవీ చేతి మీద 174517 అని పచ్చబొట్టు పొడిచారు. బతికి ఇంటికొచ్చి ఆయన రాసిన పుస్తకం 'ఇఫ్ దిస్ ఈజ్ ఎ మ్యాన్'. అది మీ దగ్గర కొన్నాను. జులై 3న వచ్చింది. ప్యాకింగ్ బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

నెమ్మదిగా చదివాను. రాత్రికి పది పేజీలు దాటేవి కావు. ఒక అధ్యాయంలో లెవీకి కెమిస్ట్రీ పరీక్ష పెడతారు. కడుపులో ఏమీ లేక, మురికి బట్టలతో ఒక జర్మన్ డాక్టరు టేబుల్ ముందు నిలబడి, జర్మన్ భాషలో వైవా. ప్యాసైతే ల్యాబు పని, అంటే చలి నుంచి కాస్త నీడ. పరీక్ష అయ్యాక అలెక్స్ అనే కాపో ఆయన్ని వెనక్కి తీసుకెళ్తుంటాడు. కాపో అంటే ఖైదీల మీద పెత్తనం చేసే ఖైదీ. దారిలో ఒక ఇనుప తాడు పట్టుకుంటే అలెక్స్ చేతికి గ్రీజు అంటుకుంటుంది. ఆ చేతిని లెవీ భుజానికి తుడుచుకుంటాడు, ముందు అరచెయ్యి, తర్వాత వెనకవైపు. కోపంతో కాదు, వెక్కిరించడానికీ కాదు. పక్కన గుడ్డ కనబడితే తుడుచుకున్నట్టు. ఆ పేరా చదివి లైటు ఆర్పేశాను. మర్నాడు నాకు ఇనార్గానిక్ వైవా ఉంది. సార్ ఏదో అడిగారు, నేనేదో చెప్పాను, నా చూపంతా ఆయన చేతుల మీదే ఉంది.

ఇదంతా మాకెందుకు అంటారేమో. మీ మొదటి ఏజెంటు అదే అంది: "సార్, బుక్ కంటెంట్ గురించి కాకుండా ఇష్యూ చెప్పండి." ఇష్యూ ఇదే. ఇలాంటి పుస్తకం వారంలో అవగొట్టేది కాదు. మీ రిటర్న్ గడువు ఏడు రోజులు. నేను చివరికొచ్చేసరికి జులై 19.

చివర్లో ఏమైందో చెప్తాను, ఈసారైనా పూర్తిగా వినండి. 1945 జనవరి. రష్యన్ సైన్యం దగ్గరికొస్తోంది. జర్మన్లు క్యాంపు ఖాళీ చేసి, నడవగలిగినవాళ్లందర్నీ మంచులో నడిపించుకుపోతున్నారు. లెవీ స్కార్లెట్ ఫీవర్‌తో క్యాంపు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆల్బెర్టో ఆయన ప్రాణస్నేహితుడు. ఏది దొరికినా ఇద్దరూ పంచుకునేవాళ్లు. ఆ ఆల్బెర్టో వెళ్లిపోతూ కిటికీ దగ్గరికొచ్చి వీడ్కోలు చెప్తాడు. 160వ పేజీ అయిపోయింది. తిప్పాను. 145వ పేజీ.

ఒక ఫారం, అంటే కలిపి కుట్టే పదహారు పేజీల కట్ట, రెండుసార్లు కుట్టారు, చివరి ఫారం వదిలేశారు. ఆ రెండోసారి వచ్చిన పేజీల్లో ఏముందో తెలుసా? ఉరి. ఆష్విట్జ్‌లోనే భాగమైన బిర్కెనౌలో ఖైదీలు తిరగబడి శవాలు కాల్చే కొలిమినొకదాన్ని పేల్చేశారు, 1944 అక్టోబరులో. దాంతో సంబంధం ఉన్న ఒక మనిషిని అందరి ముందు ఉరితీస్తారు. "కామ్రేడ్స్, నేనే ఆఖరివాణ్ణి" అని అరుస్తాడు. వేల మంది నిలబడి ఉంటారు, ఒక్క గొంతూ లేవదు. మీ కాపీలో ఆయన్ని రెండుసార్లు ఉరితీశారు. రెండోసారి కూడా ఎవరూ పలకలేదు.

ఇక మీ సంగతికొస్తాను.

మొదట మీ యాప్‌లోని చాట్‌బాట్. 'విడిభాగం రాలేదు' అని నొక్కితే, ఏది రాలేదో ఎంచుకోమంది: ఛార్జర్, రిమోట్, స్క్రూలు, మాన్యువల్. మాన్యువల్ నొక్కాను, కనీసం అది కాగితం కదా అని. మాన్యువల్ డౌన్‌లోడ్ చేసుకోవడానికి లింకు పంపింది, మిక్సీది.

తర్వాత ఫోను. తెలుగు కోసం 4 నొక్కమంటే నొక్కాను. రికార్డు చేసిన ఆవిడ చక్కటి తెలుగులో మాట్లాడి, హిందీ ఆయనకు అప్పజెప్పి వెళ్లిపోయింది. ఆయన "ఏడు రోజులు దాటింది, సిస్టమ్ ఒప్పుకోవట్లేదు" అన్నాడు. చివరి పేజీలు లేవని తెలియాలంటే చివరిదాకా వెళ్లాలి కదండీ అన్నాను. "కొనగానే చెక్ చేసుకోవాలి సార్." ఆత్మకథను చివరి పేజీ నుంచి మొదలుపెట్టి చదవాలని మీ షరతుల్లో ఎక్కడుందో చూపిస్తే నేను ఈ లేఖ ఇక్కడే చింపేస్తాను.

మూడోది చాట్. "లేని పేజీల ఫొటో అప్‌లోడ్ చేయండి" అన్నారు. తమాషా కాదు, స్క్రీన్‌షాట్ ఉంది. లేనిదాన్ని ఎలా తీయాలో తెలియక, 160 పక్కనే 145 ఉన్న చోట పుస్తకం తెరిచి తీసి పంపాను. అరగంటకు జవాబు: "ఫొటోలో పేజీలు స్పష్టంగా ఉన్నాయి. డ్యామేజ్ కనిపించలేదు. టికెట్ క్లోజ్ చేస్తున్నాము." నంబర్లు చూడండి మహాప్రభో అని రాసేలోపు చాట్ ముగిసింది. ప్రింటింగ్ తప్పు కాబట్టి పబ్లిషర్‌ను అడగమని ఇంకొకరు. మీరిచ్చిన పబ్లిషర్ మెయిల్ ఐడీకి రాస్తే చేరకుండా వెనక్కొచ్చింది. సరే, అది వదిలేద్దాం.

సూపర్‌వైజర్‌ను మాత్రం వదలను. ఆయన కోసం ఇరవై రెండు నిమిషాలు లైన్లో ఉన్నాను. చెవిలో సంగీతం, మధ్యమధ్య 'మీ కాల్ మాకు ఎంతో విలువైనది'. లెవీకి క్యాంపులో ఒక కల పదేపదే వచ్చేది. ఇంటికి చేరుకున్నాడు, చెల్లెలు ఉంది, స్నేహితులున్నారు, ఆకలి గురించీ, తన ముక్కు మీద కొట్టిన కాపో గురించీ చెప్తున్నాడు. వాళ్లు వినడం లేదు. వేరే ఏదో మాట్లాడుకుంటున్నారు. చెల్లెలు ఒకసారి చూసి, లేచి, మాట్లాడకుండా వెళ్లిపోతుంది. ఆల్బెర్టోకు చెబితే, నాకూ అదే కల అన్నాడట. మీ సంగీతం వింటూ నాకు అదే గుర్తొచ్చింది. వెంటనే సిగ్గేసింది కూడా. ఆయన కల ఎక్కడ, ఏసీ లేదని విసుక్కుంటూ నేను చేసిన కాల్ ఎక్కడ. ఈ పేరా రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశాను. పోల్చడానికి రాయడం లేదు. ఆ కల రాసిన మనిషి పుస్తకాన్ని అమ్మేవాళ్లు ఒక్క వాక్యమైనా చివరిదాకా వినాలనిపించి రాశాను.

సూపర్‌వైజర్ వచ్చాడు. మళ్లీ మొదటినుంచి చెప్పాను. కిటికీ దగ్గరికి వచ్చేసరికి ఆపాడు. "సార్, ఆయన పుస్తకం రాశాడంటే బతికినట్టే కదా. ఇంకేం కావాలి?"

నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయన "హలో, హలో" అంటున్నాడు. లెవీ బతికాడా అని నేనడగలేదండీ. అది అట్ట మీదే ఉంది. జనవరి 27న సైన్యం వచ్చిందని కూడా తెలుసు. వెళ్లిపోయిన ఆ స్నేహితుడు ఏమయ్యాడని నా ప్రశ్న. గూగుల్‌లో కొడితే వస్తుందని ఆయనే సలహా ఇచ్చాడు. ఆ మాత్రం నాకూ తెలుసు. నేను కొట్టలేదు. 160 పేజీలు నడిపించుకొచ్చిన మనిషి నోటితోనే వినాలని.

48 గంటల్లో కాల్ చేస్తామన్నారు. నాలుగోరోజు చేశారు, నేను ల్యాబులో బ్యూరెట్ పట్టుకుని ఉండగా. రెండు రింగులు. 'కస్టమర్ అందుబాటులో లేరు, టికెట్ క్లోజ్.' ఆ టైట్రేషన్ కూడా పోయింది, ఎండ్ పాయింట్ దాటి ఫ్లాస్కంతా ముదురు గులాబీ.

ఆ తర్వాత ఎవరి మనసు కరిగిందో, మార్చి ఇస్తామని మెసేజ్. ఆగస్టు 11న మీ డెలివరీ ఆయన కొత్త పుస్తకం తెచ్చాడు. దాని పేరు 'సర్వైవల్ ఇన్ ఆష్విట్జ్'. పుస్తకం అదే, అమెరికాలో ఆ పేరుతో వేశారు. కానీ మీ యాప్ కొత్త అట్ట బొమ్మ చూపించి, 'పాత వస్తువు ఇలాగే ఉందా?' అని అడిగింది. లేదని నొక్కాల్సి వచ్చింది. ఎక్స్‌చేంజ్ రద్దు. ఆ ప్యాకెట్ పది నిమిషాలు నా చేతిలో ఉంది. నాక్కావలసిన పదహారు పేజీలు ఆ సీలు లోపలే ఉన్నాయి. సీలు తీస్తే ఆయన జీతంలో కోత పడుతుందట. తిరిగి ఇచ్చేశాను.

రెండు పేర్ల సంగతి ఫోన్లో వివరిస్తే, "మీరే రెండు పుస్తకాలు ఆర్డర్ చేసి మర్చిపోయారేమో" అన్నారు. ఆ సాయంత్రమే మెయిల్: మీ సమస్య పరిష్కారమైంది, మాకు ఎన్ని స్టార్లిస్తారు? అసౌకర్యానికి యాభై రూపాయల కూపన్. దాని కిందే, 'మీ అభిరుచిని బట్టి' అంటూ హిట్లర్ ఆత్మకథ, 60 శాతం తగ్గింపు.

నా అభిరుచి మీకు అలా అర్థమైంది. ఆ పుస్తకం అమ్మొద్దని నేననను. కానీ దాంట్లో ఒక్క ఫారమైనా తక్కువ పడి ఉంటుందా అని ఒక అనుమానం. బతికొచ్చినవాడి పుస్తకం మొదట ఎవరూ వేసుకోలేదట, పెద్ద ప్రచురణ సంస్థ కాదంటే 1947లో ఒక చిన్న సంస్థ వేసింది, 2500 కాపీలు. ఇది మా మేడమ్ చెప్పారు. ఇన్నేళ్ల తర్వాత నాలాంటివాడి చేతికొచ్చిన ఒక్క కాపీనైనా పూర్తిగా ఇవ్వలేకపోయారు మీరు.

మా ఇంట్లో 2020 నుంచి మీ దగ్గరే కొంటున్నాం. మా అమ్మమ్మ బీపీ మిషన్, అక్క పెళ్లికి పందిట్లో వేసిన సీరియల్ లైట్లు, నా ఎంసెట్ పుస్తకాలు, మా నాన్న మూడుసార్లు సైజు మార్చుకున్న చెప్పులు. ఆ చెప్పులకు మూడుసార్లూ నోరెత్తకుండా మార్చారు. చెప్పులకున్న గౌరవం పుస్తకానికి లేదని ముందే చెప్పి ఉంటే బస్సెక్కి కోఠీ వెళ్లి కొనుక్కునేవాణ్ణి.

మా బావ ఎల్‌ఎల్‌బీ చదువుతున్నాడు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం నేనుండే చోటే కేసు వేయొచ్చట, ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదట. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయడం ఎలాగో మా నాన్నకు కూడా నేర్పించాను. మానసిక వేదనకు ఎంత అడగాలని బావ అడిగాడు. ఇంకా ఆలోచించలేదు. డబ్బు వాపసు ఇస్తామంటారేమో, పుస్తకం ఖరీదు 399, నాకొద్దు. లేదు, అదీ ఇవ్వండి, పాకెట్ మనీలోది. కానీ ముందు 161 నుంచి చివరిదాకా ఉన్న పేజీలు పంపండి. పేరు ఏదైనా సరే, అట్ట లేకపోయినా సరే.

పదిహేను రోజులు చూస్తాను. తర్వాత బావ చూసుకుంటాడు.

ఇట్లు,
మీ 'విలువైన' కస్టమర్.

తా.క.: ఆగస్టు 11న వచ్చిన డెలివరీ ఆయన మీద ఏ చర్యా తీసుకోవద్దు. ఎక్స్‌చేంజ్ ఎందుకు రద్దయిందో ఆయనకు గేటు దగ్గరే చెప్పాను, కిటికీ సంగతితో సహా. బండి స్టార్టు చేసి, మళ్లీ ఆపి, "మరి ఆ దోస్తు బతికిండా తమ్మీ?" అని అడిగాడు. తెలియదన్నాను. "తెలిస్తే చెప్పు, గీ లైన్ల రోజూ వస్త" అన్నాడు. నిన్న కూడా పక్కింటికి ఏదో ఇవ్వడానికొచ్చి అడిగాడు.