1971 గుర్తుంది, మరి 1942?

సంపాదకులకు,

2025 మే 7న విశాఖలో వైమానిక దాడి మాక్ డ్రిల్ సైరన్ మోగినప్పుడు మా అమ్మమ్మ ఎవరూ చెప్పకుండానే లేచి కిటికీ తలుపులు మూసి, హాల్లో లైటు ఆపేసింది. 1971 డిసెంబరులో, పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు, కిటికీ అద్దాలకు నల్ల కాగితాలు అంటించుకుని కూర్చున్న మనిషి మరి, చెయ్యి దానంతటదే కదిలింది. పక్క ఫ్లాట్ కుర్రాళ్ళు మాత్రం వీడియో తీసుకుంటూ బాల్కనీలో నిలబడ్డారు.

మా ఊళ్ళో ప్రమాదం అనగానే అందరికీ ఆ యుద్ధంలో మా తీరం దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ గుర్తొస్తుంది. బీచ్ రోడ్డులో విజయ స్తూపం ఉంది, ఏటా డిసెంబరు 4న నేవీ డే జరుపుతారు, కాబట్టి పాకిస్తాన్ పేరు వినగానే టెన్షన్. కానీ ఈ ఊరి మీద నిజంగా బాంబులు పడింది రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాల నుంచి. ఆ రోజు హార్బర్‌లో మనుషులు పోయారు, భయంతో జనం ఇళ్ళు వదిలి పల్లెలకు వెళ్ళిపోయారు, కాకినాడ మీద కూడా దాడి జరిగింది. ఈ సంగతి మా వీధిలో పదిమందిని అడిగితే ఒక్కరికి తెలిస్తే గొప్ప.

ఎవరిని చూసి భయపడాలో మన జ్ఞాపకమే తేల్చేస్తోంది, అదీ గెలిచిన కథలనే దాచుకున్న జ్ఞాపకం. రేపు ముప్పు ఇంకో దిక్కు నుంచి, డ్రోన్ రూపంలోనో సైబర్ దాడిగానో వస్తే మనకు పోల్చుకోవడం కూడా చేతకాదని నా బాధ. జిల్లా అధికారులు పోర్టు దగ్గర 1942 మృతుల కోసం ఒక శిలాఫలకం పెట్టించాలి, ఏ సైరన్‌కు ఏం చేయాలో బడిపిల్లలకు ఏడాదికోసారైనా నేర్పించాలి.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం