పాత ఫ్రిజ్‌లలోని గ్యాసును గాలికి వదలకండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం పర్లాకిమిడిలో మా పొరుగింటివారు పాతికేళ్లు దాటిన ఫ్రిజ్‌ను పాత సామాన్ల బండికి వేశారు. బేరం కుదిరిన కాసేపటికే, బండి కుర్రవాడు కంప్రెషర్ ఊడదీయడానికి దాని రాగి గొట్టాన్ని వీధిలోనే తుంచాడు. బుస్సుమని గ్యాసు పోయింది, దాంతోపాటు చిమ్మిన నూనె ప్రహరీ మీద మరకైంది. అతణ్ని తప్పుపట్టలేను, ఆ గ్యాసు సంగతి అతనికి చెప్పినవారెవరూ లేరు.

వెనుక రేకు మీద ఆర్-12 అని ఉంది. అది క్లోరోఫ్లోరోకార్బన్, అంటే క్లోరిన్, ఫ్లోరిన్, కార్బన్ కలిసిన రసాయనం. అంతకు ముందు ఫ్రిజ్‌లలో వాడిన అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్ కారితే ప్రాణాపాయం కాబట్టి, మండని, విషం కాని ఈ గ్యాసు 1930ల నుంచి ఇంటింటికీ చేరింది. ఆ జాతికే చెందిన రసాయనాలు స్ప్రే డబ్బాల్లో, ఉబ్బసం ఇన్‌హేలర్లలో, ఫ్రిజ్ గోడల్లోని ఫోమ్‌లో కూడా ఉండేవి. కింద దేనితోనూ కలవని గుణం వల్లే అవి చెక్కుచెదరకుండా వాతావరణపు పై పొర అయిన స్ట్రాటోస్ఫియర్ దాకా వెళ్లి, అక్కడ అతినీలలోహిత కిరణాలకు విడిపోయి, ఆ కిరణాల నుంచి మనల్ని కాపాడే ఓజోన్‌ను తినే క్లోరిన్‌ను వదులుతాయని 1974లో శాస్త్రవేత్తలు మొలీనా, రోలండ్ చెప్పారు. ఓజోన్‌ను కాపాడేందుకు దేశాలు చేసుకున్న 1987 మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మన దేశంలోనూ, ఇన్‌హేలర్ల అవసరం మినహా, వీటి ఉత్పత్తి 2010 నాటికి ఆగింది.

అయినా అంతకు ముందే నింపిన గ్యాసు పాత ఫ్రిజ్‌లలో ఇంకా ఉంది. భూతాపం పెంచడంలో ఆర్-12 బొగ్గుపులుసు వాయువుకు సుమారు పదివేల రెట్లు. అంటే నూరు గ్రాములు గాలిలో కలిస్తే ఒక టన్ను బొగ్గుపులుసు వాయువు వదిలినంత పని.

కనుక పట్టణ పాలకులు గ్యాసును సిలిండరులోకి లాగే యంత్రాన్ని ఒకటి తెప్పించి, ఒక మెకానిక్‌కు అప్పగించి, ఫ్రిజ్‌కు ఇంత అని కూలి ఇవ్వాలని కోరుతున్నాను. ఇక్కడి ప్రకటనలు ఒడియాలో మాత్రమే వస్తే, తెలుగు మాత్రమే చదవగలిగిన పాత సామాన్ల కొట్లవారికి అందవు. అందువల్ల తెలుగులోనూ అంటించాలి. కొత్త ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండే ఆర్-600ఏ (ఐసోబ్యూటేన్) ఓజోన్‌కు హాని చేయదు గానీ మండే గ్యాసు. దాని గొట్టం తుంచే చోట బీడీకి అగ్గిపుల్ల గీసినా ఆ కుర్రవాడి చేతులు కాలవచ్చు. ఈ హెచ్చరికను మీ జిల్లా పేజీలో, రేకు మీది ఆ రెండు పేర్లతో సహా, అచ్చు వేయమని ప్రార్థన.

ఇట్లు,
ఒక విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.