మిగులు ముక్కల బొంత

అందరికీ నమస్తే. జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కల సంచి ఎట్టకేలకు ఖాళీ చేశాను. మా చెల్లి మనవడికి చిన్న బొంత, 30 అంగుళాలకు 36. అమ్మలా చేత్తో వరస కుట్లు వేసే ఓపిక లేక ‘క్విల్ట్ యాజ్ యు గో’ పద్ధతి పట్టాను. అడుగున లైనింగ్ గుడ్డ, దానిమీద రెండు మడతల పాత నేతచీర. మిగులు ముక్కల పట్టీల్లో మొదటిది మధ్యలో, మంచివైపు పైకి, రెండోది దానిమీద బోర్లా. పావు అంగుళం వదిలి అన్ని పొరలూ కలిపి మిషన్ కుట్టు, తిప్పి ఇస్త్రీ. అటూ ఇటూ అంచులదాకా ఇంతే. ముక్కల అతుకూ బొంత కుట్టూ ఒక్కసారే అయిపోతాయి!

ఇస్త్రీకి బద్ధకిస్తే ముడతలు లోపలే ఉండిపోతాయి. నేను రెండు పట్టీలు విప్పాల్సొచ్చింది. సూది 16 నంబరుది వేయండి.

ఎర్ర కలంకారీ ముక్కల్ని ముందే విడిగా ఉతకండమ్మా. నేను తొందరపడ్డాను, మొదటి ఉతుకుకే పక్కనున్న తెల్ల మంగళగిరి ముక్క గులాబీ రంగుకి తిరిగింది. చెల్లి అదే డిజైన్ అనుకుంది, నేనూ కాదనలేదు.

రెండోది మొదలుపెట్టాను. ఎవరి దగ్గరైనా ముదురు నీలం పోచంపల్లి ముక్కలుంటే చెప్పండి, అంచుకి తక్కువొచ్చాయి.