రామప్ప గట్టు మీద తెల్ల చింతచెట్టు

ఒరేయ్ రవీ,

బతుకమ్మకు ముందే రాయాల్సింది, నెల దాటిపోయింది, ఏమీ అనుకోకు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. ఇంటికి రంగులు వేయించాం. మిగతావన్నీ తర్వాత. ముందు ఇది విను: ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్, అదే కంటికి కనపడని ఎరుపు అవతలి వెలుగును పట్టే రోల్, దొరికిందిరా! అదీ మన కెమెరాకు పట్టే 120 సైజులో!

ఎంత తిరిగానో! హన్మకొండలో స్టూడియో పెద్దాయన "రోల్ మొఖం చూసి ఏండ్లయింది బిడ్డా" అన్నాడు. కోఠిలో నాలుగు షాపులు ఎక్కి దిగా. ఒకాయన ఇల్‌ఫోర్డ్ ఎస్‌ఎఫ్‌ఎక్స్ 200 తెప్పిస్తానన్నాడు. మంచి ఫిల్మే, కానీ దాని చూపు వెలుగు అల పొడవు 740 నానోమీటర్ల దాకానే. మామూలు వెలుగును ఆపి ఇన్‌ఫ్రారెడ్‌నే వదిలే మన ఆర్72 ఫిల్టర్ తెరుచుకునేదే 720 దగ్గర. ఆ సందులోంచి ఎంత వెలుగు వస్తుంది చెప్పు? పాత ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ముల్లో కొడాక్ హెచ్‌ఐఈ 2007లోనే ఆగిపోయింది, ఎఫ్కే 2012లో పోయింది. ఇంకొకతను డబ్బులు తీసుకుని మామూలు 400 రోల్ పంపాడు. ఆ రోజు అన్నం సహించలేదు.

చివరికి జర్మనీ నుంచి వస్తున్న బావను బతిమాలితే రోలై ఇన్‌ఫ్రారెడ్ 400 రెండు రోల్స్ తెచ్చాడు. ఇది 820 దాకా చూస్తుంది. ఎయిర్‌పోర్టులో స్కానర్‌లో పెట్టనివ్వకుండా చేతిలో పట్టుకుని చూపించాడట. బావకు జన్మంతా రుణపడి ఉంటా.

గుడి లోపల ట్రైపాడ్‌కు అనుమతి కావాలిగా, అందుకే రామప్ప చెరువు గట్టుకు పోయా. ఆర్72 పెడితే మామూలు కెమెరాలో ఏమీ కనపడదు. మన రెండు లెన్సుల యాషికా కెమెరాలో చూసే లెన్సు పైన, తీసే లెన్సు కింద. ఫిల్టర్ కిందదానికే! పైనుంచి చెట్టూ నీళ్లూ హాయిగా కనపడుతున్నాయి.

400 ఫిల్మే అయినా ఫిల్టర్ అయిదు స్టాపులు మింగేస్తుంది, అంటే వెలుగు అయిదుసార్లు సగానికి సగం అవుతుంది. అందుకే ఫిల్మ్ వేగం 400 కాదు, 12 అనుకుని లెక్క వేశా. ఇన్‌ఫ్రారెడ్‌కు ఫోకస్ కాస్త జరుగుతుంది కదా, అందుకని లెన్సు రంధ్రం బాగా చిన్నది చేసి ఎఫ్16 పెట్టా. నాలుగు దృశ్యాలు, ఒక్కోటి మూడుసార్లు: 1/15, 1/8, 1/4 సెకను. రోల్‌లో ఉన్న పన్నెండు ఫొటోలూ అయిపోయాయి.

రాత్రి బాత్‌రూమ్‌లోనే ఫిల్మ్ కడిగా. దానికి ఇరవై డిగ్రీల నీళ్లు కావాలి, మన నల్లా నీళ్లు అంతకు ఎక్కడ దిగుతాయి? బకెట్‌లో ఐసు ముక్కలు వేస్తూ థర్మామీటర్ పట్టుకుని కూర్చున్నా. తడి నెగటివ్ ట్యూబ్‌లైట్‌కు ఎత్తి చూస్తే... రవీ, చేతులు వణికాయి. ఆకాశం ఉండాల్సిన చోట ఖాళీ గాజు, చింతాకులన్నీ చిక్కటి కాటుక. 1/15వి పలచబడ్డాయి, 1/4వి మాత్రం బంగారం. ప్రింట్ తీస్తే మొత్తం తిరగబడింది. నీళ్లు నల్లగా, ఆకాశం నల్లగా, మధ్యలో ఆ చెట్టు ఎనుమాముల యార్డులో కుప్పపోసిన పత్తిలా. ఆకు ఆ వెలుగును మింగదు, వెనక్కి విసిరేస్తుంది, అంతే. ఇన్నాళ్లు దాని నీడనే కూర్చుని టీ తాగాం, ఇది మనకు కనపడనే లేదు. నాన్న ఉంటే...

సరే. రెండో రోల్ ఫ్రిజ్‌లో ఉంది, ముట్టుకోను. సంక్రాంతికి వస్తే పాకాల చెరువుకు పోదాం, ఆరు నీవి ఆరు నావి. ఫిల్టర్‌ను లెన్సుకు బిగించే రింగు మాత్రం నువ్వే... అయ్యో, పాప బడి వదిలే టైమైంది, ఆటో హారన్ కొడుతున్నాడు. ప్రింట్ లోపల పెట్టా, మడత పెట్టకు

నీ శీను