సైనికుడి ఫైలు అతను బతికుండగా కదలాలి

సంపాదకుడు గారికి,

సరిహద్దులో చనిపోయిన సైనికుడి గురించి పత్రికలన్నీ మొదటి పేజీలో రాస్తాయి. రాయాలి కూడా. కానీ యుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగొచ్చి, ఇంటి దగ్గర రెండేళ్లకు పోయిన కుర్రాడికి జిల్లా పేజీలో నాలుగు లైన్లు దక్కితే గొప్ప. అలా పోయిన ఒకడి గురించి మీ పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. అతను మనవాడు కాదు, అమెరికన్. పేరు క్లే హంట్. అంత దూరం ఎందుకు పోవాలంటే, అతని కాగితం ఎక్కడ ఎన్నాళ్లు ఆగిందో మొత్తం బయటపడింది. కన్నతల్లి వెళ్లి అక్కడి పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని చెప్పింది. మన దగ్గర అంతదాకా ఎవరూ రానివ్వరు, ఇంట్లోవాళ్లే పరువు పోతుందని నొక్కేస్తారు.

క్లే హంట్‌ది టెక్సస్‌లోని హ్యూస్టన్, మన తెలుగువాళ్లు బాగా ఉన్న ఊరే. 2005లో అమెరికా సైనిక దళాల్లో ఒకటైన మెరైన్స్‌లో చేరాడు. 2007లో ఇరాక్ పంపారు. తోటివాళ్లు కళ్లెదుటే పోయారు. దూరం నుంచి దాక్కుని గురిచూసి కాల్చే స్నైపర్ తూటా ఒకటి, తలకు తగలాల్సింది, కొద్దిలో తప్పి అతని మణికట్టులోంచి దూసుకుపోయింది. యుద్ధంలో గాయపడినవాళ్లకిచ్చే పర్పుల్ హార్ట్ పతకం ఇచ్చారు. చెయ్యి బాగయ్యాక స్కౌట్ స్నైపర్ కోర్సు పాసై, 2008లో అఫ్గానిస్తాన్ వెళ్లాడు. 2009లో సర్వీసు ముగించుకుని బయటికొచ్చాడు.

వచ్చి ఇంట్లో తలుపేసుకుని కూర్చోలేదు. 2010 జనవరిలో హైతీలో భూకంపం వస్తే, తనలాంటి మాజీ సైనికులు కలిసి మొదలుపెట్టిన టీమ్ రూబికాన్‌తో సహాయానికి వెళ్లాడు. ఆ తర్వాత చిలీ భూకంపానికీ వెళ్లాడు. మాజీ సైనికుల సమస్యలు చెప్పడానికి వాషింగ్టన్‌లో చట్టసభ సభ్యుల ఆఫీసులు తిరిగాడు. యుద్ధం చూసొచ్చి దిగులుపడే తోటివాళ్లకు ధైర్యం చెప్పే టీవీ ప్రకటనలోనూ కనిపించాడు. ఇలాంటివాణ్ణి చూసి మనమైతే ‘వాడికేం, హుషారుగా తిరుగుతున్నాడుగా’ అనేసి ఊరుకుంటాం.

అతనికి పీటీఎస్‌డీ ఉందని సర్వీసులో ఉండగానే తేలింది. యుద్ధం మనసులో నుంచి పోకపోవడం అనుకోండి. నిద్ర ఉండదు, ఉలిక్కిపడటం పోదు. బయటికొచ్చాక అక్కడి మాజీ సైనికుల శాఖ అతని వైకల్యాన్ని 30 శాతమని లెక్కగట్టింది. అతను అప్పీలు పెట్టాడు. ఆఫీసువాళ్లు ఫైలు పోగొట్టారు. హ్యూస్టన్ తిరిగొచ్చాక మానసిక వైద్యుణ్ణి కలవడానికి రెండు నెలలు ఆగాల్సి వచ్చింది. తీరా కలిసి వస్తూ దారిలోనే తల్లికి ఫోన్ చేసి, ఆ ఆస్పత్రికి ఇంక పోలేనని, అక్కడికి పోతేనే టెన్షన్ ఎక్కువవుతోందని చెప్పాడు. రెండు వారాల తర్వాత, 2011 మార్చి 31న, 28 ఏళ్ల వయసులో ప్రాణం తీసుకున్నాడు.

అతను పోయిన ఐదు వారాలకు అప్పీలు మంజూరైంది. వైకల్యం నూటికి నూరు శాతమని ఒప్పుకున్నారు. అప్పీలు పెట్టి అప్పటికి పద్దెనిమిది నెలలు.

ఫైలు వల్లే పోయాడని నేను అనను. ఆత్మహత్యకు ఒక్క కారణం చెప్పేవాణ్ణి నమ్మకూడదు. కానీ ఆ పద్దెనిమిది నెలలూ ‘నీకు జరిగింది నిజమే’ అని ప్రభుత్వం తరఫున చెప్పినవాడు ఒక్కడూ లేడు. డబ్బుకన్నా ముందు ఆ మాట కావాలి. నేనూ సైన్యంలో ఫీల్డ్‌లో పనిచేసి వచ్చినవాణ్ణి కాబట్టి ఈ ముక్క గట్టిగా చెప్పగలను.

మాజీ సైనికుల ఆత్మహత్యలు ఆపడానికి అతని పేరుతో అమెరికాలో చట్టం వచ్చింది. 2014 డిసెంబరులో ఎగువ సభ సెనేట్‌లో ఒక్క సభ్యుడు అడ్డుపడి ఆపేశాడు. మళ్లీ 2015లో తెచ్చారు. దిగువ సభలో 412–0, సెనేట్‌లో 99–0. ఆ ఫిబ్రవరి 12న ఒబామా సంతకం చేశారు. దానితో అంతా బాగుపడిపోలేదు, ఇప్పటికీ అక్కడ ఏటా ఆరు వేలకు పైగా మాజీ సైనికులు ఇలాగే పోతున్నారు. నాకు ఆ చట్టంలో నచ్చింది ఒకటే. మానసిక వైద్యం, ఆత్మహత్యల నివారణ పథకాలు ఎలా నడుస్తున్నాయో ఏటా బయటివాళ్లతో లెక్క చూపించాలని అందులో రాశారు. శాఖ తన పనికి తానే మార్కులు వేసుకోవడం కుదరదు.

ఇక మన సంగతి. మాది గిద్దలూరు వైపు. ఇక్కడ ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు ఫౌజీ ఉంటారు. ఆరోగ్యం చెడి బయటికొచ్చిన జవానుకు డిసెబిలిటీ పెన్షన్ రావాలంటే ఆ జబ్బు సర్వీసు వల్ల వచ్చిందనో, సర్వీసు వల్ల ముదిరిందనో, బయటికి పంపేటప్పుడు పరీక్షించే రిలీజ్ మెడికల్ బోర్డు రాయాలి. మనసు జబ్బయితే ఆ ఒక్క లైను దగ్గరే ఫైలు ఆగుతుంది. చేరేటప్పుడు కాగితంలో లేని జబ్బు తర్వాత బయటపడితే అది సర్వీసు వల్లే వచ్చిందని అనుకోవాలని, కాదని చూపించే బాధ్యత సర్కారుదేనని, జవానుది కాదని సుప్రీంకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగ్ అనే సిపాయి కేసులో స్పష్టంగా చెప్పింది. అయినా కోర్టు మెట్లెక్కక తప్పడం లేదు. గెలిచినా పైకోర్టుకు అప్పీలు పోతుంది.

ఆ కోర్టు కూడా దగ్గర్లో లేదు. సైనికుల సర్వీసు, పెన్షన్ కేసులు చూసే సాయుధ దళాల ట్రైబ్యునల్ 2009లో మొదలైంది. రెండు తెలుగు రాష్ట్రాలూ చెన్నై బెంచ్ కిందికి వస్తాయి. హైదరాబాద్‌లో అప్పుడప్పుడూ వచ్చి విచారించే సర్క్యూట్ బెంచ్ కూర్చున్న సందర్భాలున్నా, శాశ్వత బెంచ్ లేదు. నిద్రమాత్రలు వేసుకునే మనిషి బ్యాంకు పాస్‌బుక్ కవర్‌లో డిశ్చార్జ్ బుక్, మెడికల్ బోర్డు కాగితాలు పెట్టుకుని వాయిదాకు చెన్నై రైలెక్కాలి. ఆ కాగితాలూ జిరాక్సుకు జిరాక్సు తీసినవే. డాక్టరు రాసిన లైను దగ్గరికొచ్చేసరికి నల్లటి మరక తప్ప ఏమీ కనపడదు. అసలు కాపీ సైన్యం రికార్డ్ ఆఫీసు నుంచి తెప్పించుకోమంటారు. ఆ ఉత్తరానికి జవాబు ఎప్పుడొస్తుందో అడక్కండి.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, నాలుగేళ్లకే సైన్యంలోకి తీసుకునే అగ్నిపథ్ పథకం మొదటి బ్యాచ్ 2022 చివర్లో, 2023 మొదట్లో శిక్షణకు వెళ్లింది. వాళ్ల నాలుగేళ్లు 2026 ఆఖరు, 2027 మొదట్లో నిండుతాయి. నలుగురిలో ఒకరిని ఉంచుకుని మిగతావాళ్లను పంపేస్తారు. వాళ్లకు పెన్షన్ లేదు, మాజీ సైనికులకిచ్చే ఈసీహెచ్‌ఎస్ వైద్యం లేదు. సర్వీసు వల్ల వైకల్యం వస్తే 100 శాతానికి 44 లక్షలు, 75కి 25 లక్షలు, 50కి 15 లక్షలు ఇస్తామన్నారు.  మన ఊళ్లకు తిరిగొచ్చే ఈ పిల్లలకు క్లే హంట్ పోయిన వయసు కూడా ఉండదు.

హైదరాబాద్‌లో శాశ్వత బెంచ్ కావాలని రెండు రాష్ట్రాల ఎంపీలూ కలిసి అడగాలి. డిసెబిలిటీ అప్పీలుకు గడువు పెట్టి, అది దాటితే జవాబు చెప్పాల్సిన అధికారి ఎవరో ముందే రాయాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో వారానికి ఒక రోజైనా మానసిక వైద్యుడు కూర్చోవాలి. గుంపులో పేరు పెట్టి పిలవకుండా, తలుపున్న గదిలో. లేకపోతే మావాళ్లు రారు, ఊళ్లో పిచ్చోడంటారని భయం.

మీ పత్రికకూ ఒక విన్నపం. మనసు బాగాలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. సైనికుల కోసం 2023 డిసెంబరులో పుణెలో దీనికి ప్రత్యేక విభాగం కూడా పెట్టారు. ఈ నంబరు తెలిసినవాళ్లు మా వైపు చాలా తక్కువ. రోజూ జిల్లా పేజీలో, బస్సుల టైమింగులు వేసే చోట ఒక్క లైను వేయించగలరా?

ఇట్లు,
ఒక మాజీ హవల్దార్,
గిద్దలూరు, మార్కాపురం జిల్లా